పెయింటింగ్ పోటీలో గెలిచిన ఇషాన్‌కి ఉద్యోగం వచ్చిందా?

ఈ ఎపిసోడ్ ఒక సినిమాతో మొదలుపెడదాం. 'తారే జమీన్ పర్' చూసే ఉంటారు, 2007లో వచ్చింది. ఇషాన్ అని ఎనిమిదేళ్ల పిల్లాడు. పుస్తకం తెరిస్తే అక్షరాలు వాడి కళ్ల ముందు డ్యాన్స్ చేస్తాయి. డిస్లెక్సియా అని ఇంట్లో ఎవరికీ తెలీదు, బద్ధకం అనుకుని బోర్డింగ్ స్కూల్లో వేస్తారు. అక్కడ ఆమిర్ ఖాన్ డ్రాయింగ్ మాస్టారుగా వస్తాడు, పిల్లాడిని అర్థం చేసుకుంటాడు. చివర్లో పెయింటింగ్ పోటీలో ఇషాన్ గెలుస్తాడు. మనం ఏడుస్తాం. సినిమా అయిపోతుంది.

నా డౌటు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ పిల్లాడు నిజంగా ఉండి ఉంటే ఇవాళ పాతికేళ్లు దాటి ఉంటాయి. అంటే ఇది చూస్తున్న మీలో చాలామంది వయసే. వాడికి ఉద్యోగం వచ్చిందా? ఇంటర్వ్యూ దాటాడా? ఇషాన్ పెద్దయ్యాక కథకి పార్ట్ టూ ఎవరూ తీయలేదు. ఒక్క సినిమా అనే కాదు, చదువు గురించి మాట్లాడే చాలామంది ఇలాగే టెన్త్ క్లాస్ దగ్గర ఆగిపోతారు.

ఇంజినీరింగ్‌లో నా పక్క రూమ్‌లో ఒకడు ఉండేవాడు. పేరు చెప్పను. మెస్‌లో అందరితో కూర్చోలేడు, ఆ గోల తట్టుకోలేడు, ప్లేటు పట్టుకుని రూమ్‌కి వెళ్లిపోయేవాడు. కానీ ల్యాబ్‌లో ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోయినా వాడినే పిలిచేవాళ్లం. ఫైనల్ ఇయర్‌లో ఒక కంపెనీ క్యాంపస్‌కి వచ్చింది. రాత పరీక్షలో మా బ్యాచ్‌లో టాప్ మార్కుల్లో వాడొకడు. తర్వాత గ్రూప్ డిస్కషన్. పది మంది ఒకేసారి అరుస్తుంటే వాడు ఒక్క మాట మాట్లాడలేదు. పావుగంటలో బయటికి వచ్చేశాడు. వాడికి ఆటిజం ఉందని తర్వాత చాలా ఏళ్లకి డాక్టర్ చెబితే తెలిసింది, అప్పుడు మాకెవరికీ ఆ మాటే తెలీదు.

ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. వాడు చేయాల్సిన పని కోడ్ రాయడం. వాడికి పెట్టిన పరీక్ష గట్టిగా మాట్లాడటం. ఈ రెండిటికీ సంబంధం ఏంటి? ఈ ప్రశ్న ఇంకో దేశంలో ఇంకొంతమంది చాలా ఏళ్ల క్రితమే వేసుకున్నారు. వాళ్ల కథే ఈ ఎపిసోడ్.

ముందు మాట సంగతి చూద్దాం. న్యూరోడైవర్స్ అంటే మెదడు పనిచేసే తీరు ఎక్కువమందికి ఉన్నట్టు కాకుండా వేరేగా ఉండటం. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, డిస్‌ప్రాక్సియా లాంటివన్నీ ఈ గొడుగు కిందకి వస్తాయి. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ అనే సోషియాలజీ విద్యార్థిని థీసిస్‌లో ఈ ఆలోచన రాసింది, అదే ఏడాది అమెరికాలో హార్వీ బ్లూమ్ 'ది అట్లాంటిక్' పత్రికలో ఈ మాట వాడాడు. అయితే ఇది ఒక్కరి సొత్తు కాదు, అంతకు ముందే ఆటిజం ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో తమలో తాము ఇలాంటి మాటలే మాట్లాడుకునేవాళ్లని ఈమధ్య పరిశోధకులు చెప్తున్నారు. సరే, మాట కొత్తది, మనుషులు పాతవాళ్లే. మాట పుట్టకముందు వీళ్లు ఏం పని చేశారు?

దానికి అమెరికా వెళ్లాలి, 1938కి. రూజ్‌వెల్ట్ ప్రెసిడెంట్. ఆ దేశంలో మొదటిసారి దేశమంతటికీ కనీస వేతనం చట్టం వచ్చింది, గంటకు 25 సెంట్లు. గొప్ప చట్టమే. కానీ దాంట్లో 14 అని ఒక సెక్షన్ పెట్టారు. వైకల్యం ఉన్నవాళ్లకి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వొచ్చు, ప్రభుత్వం నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే చాలు. ఉద్దేశం మంచిదేనట. తక్కువ జీతమైనా ఇస్తే ఎవరో ఒకరు పనిలో పెట్టుకుంటారు కదా అని.

దీని మీద ఒక పెద్ద వ్యవస్థే లేచింది. షెల్టర్డ్ వర్క్‌షాప్‌లు అంటారు. ఒక పెద్ద షెడ్డు, లోపల బల్లలు, అందరూ వైకల్యం ఉన్నవాళ్లే. స్క్రూలు లెక్కపెట్టి కవర్లో వేయడం, పెన్నులకి మూతలు పెట్టడం లాంటి పనులు. ఎన్ని చేస్తే అన్ని పైసలు. వీళ్లు ఇక్కడ పని నేర్చుకుంటారు, రెడీ అయ్యాక బయట మామూలు ఉద్యోగంలోకి వెళ్తారు అని చెప్పేవాళ్లు. ఆ రెడీ అనే రోజు చాలామందికి రాలేదు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు అదే బల్ల దగ్గర.

మనవైపు మోటు సామెత ఒకటుంది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. మాట బాగోదు, క్షమించండి, కానీ లాజిక్ అచ్చం ఇదే. పని నేర్చుకుంటే గాని ఉద్యోగం ఇవ్వం, ఉద్యోగం దొరికితే గాని ఆ పని రాదు.

తక్కువ జీతం దారి ఎంత దూరం వెళ్లగలదో చెప్పే కేసు ఒకటి అయోవా రాష్ట్రంలో బయటపడింది. అటలిసా అనే చిన్న ఊరు. హెన్రీస్ టర్కీ సర్వీస్ అనే టెక్సాస్ కంపెనీ 1970ల నుంచి మేధో వైకల్యం ఉన్న మగవాళ్లని అక్కడికి తెచ్చి, ఒక పాత స్కూలు బిల్డింగ్‌లో ఉంచి, పక్క ఊళ్లో టర్కీ కోళ్లు కోసే ఫ్యాక్టరీలో పని చేయించింది. చేతికి ఇచ్చింది నెలకి 65 డాలర్లు. ఏళ్లు గడిచినా అదే 65. 2009లో అధికారులు వాళ్లని అక్కడి నుంచి బయటికి తెచ్చేసరికి కొందరికి ముసలితనం వచ్చేసింది. 2013లో జ్యూరీ 32 మందికి కలిపి 24 కోట్ల డాలర్లు ఇవ్వమంది. చట్టంలో పరిహారానికి పరిమితి ఉంది కాబట్టి అది 16 లక్షలకి తగ్గింది. 24 కోట్లు ఎక్కడ, 16 లక్షలు ఎక్కడ! ఆ సెక్షన్ ఇంకా కేంద్ర చట్టంలోనే ఉంది. రాష్ట్రాలు మాత్రం ఒక్కొక్కటిగా తమ దగ్గర తీసేస్తున్నాయి, 2015లో న్యూ హాంప్‌షైర్ మొదలుపెట్టింది.

సరే, ఆ రెడీ కాలేదు అనే మాట నిజమేనా? దీన్ని మొదట బద్దలు కొట్టినవాడి పేరు మార్క్ గోల్డ్. లాస్ ఏంజిలెస్‌లో స్పెషల్ టీచర్‌గా చేసి, తర్వాత ఇల్లినాయ్ యూనివర్సిటీలో పరిశోధన చేశాడు. 1970ల మాట. ఆయన సైకిల్ బ్రేకు ఒకటి తీసుకున్నాడు. వెనక చక్రం ఇరుసులో ఉంటుంది, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. దాంట్లో 15 ముక్కలు. విడదీసి బల్ల మీద పెడితే మీకూ నాకూ బిగించడం రాదు. వీళ్లకి ఏమీ రాదు అని రాసేసిన వర్క్‌షాప్ మనుషులకి దాన్ని నేర్పాడు. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్లు కూడా నేర్చుకున్నారు.

ఎలా నేర్పాడంటే, అక్కడ మాయ ఏమీ లేదు. పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టాడు. ముక్కల్ని వాడే వరసలోనే ట్రేలో పెట్టాడు. కొందరికి ప్రతి ముక్కకీ ఏ వైపు పైకి రావాలో ఆ వైపు ఎర్ర రంగు పూశాడు. రంగు ఉన్నవాళ్లు త్వరగా నేర్చుకున్నారు. ఎక్కువ మాట్లాడలేదు, పొగడలేదు, తిట్టలేదు. చేతి మీద చేయి వేసి చూపించి, వచ్చాక చేయి తీసేశాడు. నేర్చుకోలేకపోతే తప్పు నేర్చుకునేవాడిది కాదు, నేర్పే పద్ధతిది, ఇంకో దారి చూడు అనేది ఆయన వాదన. దీని మీద తీసిన సినిమా పేరు కూడా 'ట్రై అనదర్ వే'. 1982లో చిన్న వయసులోనే పోయాడు.

గోల్డ్ ఒక సగం తేల్చాడు. వీళ్లు నేర్చుకోగలరు. మరి బ్రేకు బిగించడం వచ్చాక ఆ ఉద్యోగం ఇచ్చేవాడు ఎవడు? మిగతా సగం 1980ల్లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పాల్ వేమన్ లాంటివాళ్లు పట్టుకున్నారు. వాళ్లు వరసని తిరగేశారు. అప్పటిదాకా ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం. వీళ్లు ముందు ఉద్యోగంలో పెట్టేయండి, అక్కడే నేర్పండి అన్నారు. పక్కన జాబ్ కోచ్ అని ఒక మనిషి ఉంటాడు. మొదట్లో రోజంతా ఉంటాడు, తర్వాత వారానికి రెండు రోజులు, ఆ తర్వాత ఫోన్లో. 1986లో అమెరికా ప్రభుత్వం దీనికి చట్టంలో చోటిచ్చి డబ్బులు కేటాయించింది. సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అన్నారు. 1990లో స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టాన్ని మార్చి, వైకల్యం ఉన్న పిల్లలకి 16 ఏళ్లొచ్చేసరికి స్కూల్ తర్వాత ఏంటి అనే ప్లాన్ స్కూలే రాయాలి అన్నారు. కాగితం మీద బడినీ పనినీ కలిపిన మొదటి పెద్ద ముడి అదే అనుకోవచ్చు.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ ప్లాన్ రాసే టీచర్‌కి ఊళ్లో ఏ కంపెనీలో ఏ పని ఉందో తెలీదు. కంపెనీ హెచ్‌ఆర్‌కి ఆ స్కూల్లో ఎవరున్నారో తెలీదు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూడరు.

ఆ ఇద్దరూ కలిసింది ఒక ఆసుపత్రిలో. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

1996. ఒహైయో రాష్ట్రం, సిన్సినాటి నగరం, పిల్లల ఆసుపత్రి. ఎమర్జెన్సీ విభాగం డైరెక్టర్ ఎరిన్ రీల్, వృత్తిరీత్యా నర్సు. ఆవిడ సమస్య చాలా మామూలుది. ఎమర్జెన్సీలో సిరంజిలు, గ్లౌజులు, కట్టు కట్టే గాజు గుడ్డ, ట్యూబులు అల్మారాల్లో ఎప్పుడూ నిండుగా ఉండాలి. పిల్లాడికి ఊపిరి అందనప్పుడు నర్సు చేయి పెట్టిన చోట ఆ ట్యూబు ఉండాలి, స్టోర్‌కి పరిగెత్తే టైమ్ ఉండదు. కానీ అల్మారాలు నింపే పనిలో ఎవరూ నిలబడట్లేదు. చేరతారు, విసుగొస్తుంది, మానేస్తారు. డ్యూటీ మధ్యలో నర్సులే నింపాల్సి వస్తుంది.

రెండో సంగతి కూడా ఆవిడ గమనించింది. మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఎదుగుదల లోపాలు ఉన్న పిల్లలు బోలెడంతమంది. వాళ్లకి వైద్యం చేస్తున్నాం, కానీ పెద్దయ్యాక వాళ్లలో ఒక్కరికైనా ఇక్కడ ఉద్యోగం ఇచ్చామా? ఈ రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు ఉండొచ్చు అనిపించింది ఆవిడకి. ఇక్కడ జాలి ఏమీ లేదు గమనించండి, ఆవిడకి నిజంగానే పనివాళ్లు కావాలి.

అదే ప్రాంతంలో గ్రేట్ ఓక్స్ అని ఒకేషనల్ స్కూళ్ల సంస్థ ఉంది, మన ఐటీఐ టైపు అనుకోండి. అక్కడ స్పెషల్ ఎడ్యుకేషన్ చూసే సూసీ రట్కోవ్‌స్కీని కలిసింది. అలా ప్రాజెక్ట్ సెర్చ్ పుట్టింది. మొదట కొద్దిమందిని నేరుగా అల్మారాలు నింపే పనిలో పెట్టుకున్నారు. పని నిలబడింది. తర్వాత ఇంకో అడుగు వేశారు, అసలు మలుపు అదే. స్కూల్ చివరి సంవత్సరాన్ని తీసుకొచ్చి ఆసుపత్రి లోపల పెట్టేశారు.

అంటే ఏంటంటే, 18 నుంచి 22 ఏళ్ల లోపు విద్యార్థులు ఓ డజను మంది వరకు స్కూల్‌కి బదులు పొద్దున్నే ఆసుపత్రికి వస్తారు. అక్కడే ఒక గదిలో రోజూ కాసేపు క్లాసు. బస్సు ఎక్కడం, టైమ్‌కి రావడం, బాస్‌తో ఎలా మాట్లాడాలి, జీతం వస్తే ఎలా దాచుకోవాలి లాంటివి. మిగతా రోజంతా డిపార్ట్‌మెంట్లలో నిజమైన పని. సుమారు పది వారాలకో డిపార్ట్‌మెంట్, ఏడాదిలో మూడు. ఒకచోట ట్రేలు సర్దడం, ఇంకోచోట పరికరాలు శుభ్రం చేయడం, మరోచోట కంప్యూటర్లో వివరాలు ఎక్కించడం. టీచర్ అదే బిల్డింగ్‌లో ఉంటుంది, జాబ్ కోచ్ పక్కనే ఉంటాడు. ఏడాది అయ్యాక ఆసుపత్రిలో ఖాళీ ఉంటే అక్కడే ఉద్యోగం, లేకపోతే పని అనుభవంతో బయట.

డబ్బులు ఎవరు పెడతారు? చాలా మంచి స్కీములు చచ్చిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. ఇక్కడ కొత్త బడ్జెట్ అడగలేదు. టీచర్ జీతం స్కూల్ శాఖది, ఎలాగూ ఆ పిల్లల కోసం ఖర్చయ్యేదే. జాబ్ కోచ్ జీతం రాష్ట్ర పునరావాస శాఖది, అదీ ఉన్న పద్దే. ఆసుపత్రి ఒక గదిని, తమ మనిషి ఒకర్ని ఇస్తుంది. ఎవరి జేబులో డబ్బు వాళ్లే పెట్టారు, కానీ ఒకే గదిలో పెట్టారు.

ఇది పనిచేసిందని ఎలా తెలుసు? వేమన్ బృందం వర్జీనియాలో లాటరీ తీసినట్టు విద్యార్థుల్ని రెండు గుంపులు చేసి చూసింది. అందరికీ ఆటిజం ఉంది. ఒక గుంపుని ఆటిజానికి తగ్గట్టు మార్చిన ప్రాజెక్ట్ సెర్చ్‌లో ఆసుపత్రులకి పంపారు, రెండో గుంపు మామూలుగా స్కూల్లోనే ఉంది. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. ఆసుపత్రికి వెళ్లిన 24 మందిలో 21 మందికి ఉద్యోగం వచ్చింది. స్కూల్లో ఉన్న 16 మందిలో ఒక్కరికి. మళ్లీ చెప్తాను, 24కి 21, 16కి 1. చిన్న స్టడీయే, నలభై మంది. ఎక్కడ పెట్టినా ఇలాగే వస్తుందని గ్యారంటీ లేదు. కానీ తేడా చూస్తే, పిల్లల్లో లోపం కంటే దారిలో లోపమే పెద్దది అనిపించట్లా?

ఒక విమర్శ కూడా చెప్పాలి. ఆ ఏడాదంతా ఆ పిల్లలకి జీతం ఉండదు. చదువులో భాగం కాబట్టి ఇంటర్న్‌షిప్ లెక్క. 65 డాలర్ల కథ విన్నాక ఇది గుచ్చుకుంటుంది. ఏడాదికి హద్దు ఉంది, పక్కన టీచర్ ఉంది, తర్వాత వచ్చేది పూర్తి జీతం ఉద్యోగం అని వాళ్లు చెప్తారు. నాకైతే హద్దు ఉన్నంతవరకు ఓకే. ఆ హద్దు జరిగిన రోజు అది మళ్లీ పాత షెడ్డే.

ప్రాజెక్ట్ సెర్చ్ ఇప్పుడు వందల చోట్ల నడుస్తోంది, అమెరికా దాటి బ్రిటన్‌కీ వెళ్లింది. ఇంగ్లండ్ ప్రభుత్వం ఇలాంటి పద్ధతినే సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్ పేరుతో కాలేజీల్లో పెట్టింది. అయినా 2024లో అక్కడి ప్రభుత్వం వేయించిన బక్లాండ్ రివ్యూ ఏం చెప్పిందంటే, ఆటిజం ఉన్నవాళ్లలో పది మందికి ముగ్గురే పనిలో ఉన్నారు. వైకల్యం లేనివాళ్లలో పదికి ఎనిమిది.

ఇంకో పాయ కూడా ఉంది, మీరు న్యూస్‌లో ఎక్కువ చూసేది అదే. డెన్మార్క్‌లో థోర్కిల్ సోన్ అని టెలికాం ఉద్యోగి. వాళ్లబ్బాయికి ఆటిజం. ఒకరోజు పిల్లాడు కాగితం మీద గళ్లు, అంకెలు గీశాడు. అదేంటో మొదట అర్థం కాలేదు. తర్వాత చూస్తే రోడ్డు మ్యాపుల పుస్తకంలో సూచిక పేజీ, గుర్తుపెట్టుకుని గీసేశాడు. ఇంత శ్రద్ధ ఉన్నవాడికి రేపు ఉద్యోగం ఎవరిస్తారు అని ఆలోచించి, ఇల్లు తాకట్టు పెట్టి 2004 ప్రాంతంలో స్పెషలిస్టర్న కంపెనీ పెట్టాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. అక్కడ ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండి అనే ప్రశ్న ఉండదు. లెగో రోబో ఇచ్చి దీనితో ఈ పని చేయించు అంటారు. మా పక్క రూమ్ వాడు గుర్తొచ్చాడా?

2013లో జర్మనీ కంపెనీ ఎస్‌ఏపీ సోన్‌తో చేయి కలిపి, 2020కల్లా మా ఉద్యోగుల్లో 1 శాతం ఆటిజం ఉన్నవాళ్లే ఉంటారని ప్రకటించింది. ఆ ప్రకటనలో భారత్ ప్రస్తావన ఉంది, ఇక్కడి ల్యాబ్‌లో అప్పటికే ఆరుగురు ఆటిజం ఉన్న టెస్టర్లు పని చేస్తున్నారని. 2015లో మైక్రోసాఫ్ట్ కూడా ఇంటర్వ్యూ బదులు కొన్ని రోజుల పాటు పని చేయించి చూసే పద్ధతి పెట్టింది. ఎస్‌ఏపీ 1 శాతం మాత్రం రాలేదు, చాలా ముందే ఆగిపోయింది. తీసుకున్నవాళ్లు బాగా చేశారు, కానీ అంతమందిని పంపే కాలేజీలు ఎక్కడున్నాయి? ఇంకోటి, ఈ కథల వల్ల ఆటిజం అంటే కంప్యూటర్ జీనియస్ అనే భ్రమ పెరిగింది. ఎక్కువమంది జీనియస్‌లు కారు, మీలాగా నాలాగా మామూలు మనుషులు. వాళ్లకి కావాల్సింది మామూలు ఉద్యోగం. అందుకే నా ఓటు రోబో కంటే ఆ ఆసుపత్రి అల్మారాకే.

మరి మన దగ్గర? ఈ చరిత్రలో మన ఊరు కూడా ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లి వైపు వెళ్తే మనోవికాస్ నగర్ వస్తుంది. మేధో వైకల్యం మీద కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ 1984 నుంచి అక్కడే ఉంది. అప్పుడు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. బెంగళూరు నిమ్‌హాన్స్ వేరు, ఇది వేరు, చాలామంది కలిపేస్తారు. దేశంలో స్పెషల్ టీచర్లకి శిక్షణ, ఒకేషనల్ ట్రైనింగ్ పాఠాలు చాలావరకు ఇక్కడ తయారయ్యాయి. అంటే తెలివి మన దగ్గర లేక కాదు.

చట్టం చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వైకల్యాల లిస్టు 21కి పెరిగింది, ఆటిజం, డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ డిసెబిలిటీ అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిసెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఇవన్నిటికీ కలిపి. ప్రైవేటు కంపెనీల గురించి 35వ సెక్షన్ ఉంది, కనీసం 5 శాతం మందిని తీసుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది. ఇవ్వాలి, కానీ ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది.

ఇప్పుడు ఒక అంకె చూడండి. అదే చట్టం 31వ సెక్షన్, ఉచిత చదువు హక్కు 6 నుంచి 18 ఏళ్ల వరకు. 18 దాటగానే చదువు హక్కు ఆగుతుంది. ఉద్యోగ కోటా అవతలి ఒడ్డున ఉంది. మధ్యలో నది. అమెరికాలో 1990లో స్కూలే ప్లాన్ రాయాలి అన్నారే, అలా ఇంటర్ కాలేజీయో డిగ్రీ కాలేజీయో రాసి తీరాలి అనే రూల్ మన చట్టంలో కనబడదు. పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తారు, స్క్రైబ్‌ని ఇస్తారు. వాటికోసం కూడా సుప్రీం కోర్టుదాకా వెళ్లినవాళ్లున్నారు. రాయబోతే చెయ్యి పట్టేసే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో కోర్టు స్పష్టంగా చెప్పింది, 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా అవసరమైన సర్దుబాటు అడగడం హక్కు అని. అదే ఏడాది నవంబర్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక నీట్ విద్యార్థిని కేసులోనూ ఎక్స్‌ట్రా టైమ్ ఇవ్వకపోవడం తప్పు అంది. మంచిదే. కానీ పరీక్ష హాలు నుంచి ఆఫీసు గేటు వరకు ఉన్న దారి ఎవరి పద్దులోనూ లేదు.

విచిత్రం ఏంటంటే, బడినీ కంపెనీనీ కలపడం మన తెలుగువాళ్లకి కొత్త కాదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ సెల్ అంటే అదే కదా! ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో ఒక ఆఫీసర్, కంపెనీలకి ఫోన్లు, రోజుల ముందు నుంచి ట్రైనింగ్. వంతెన ఉంది. కాకపోతే ఆ వంతెన మీద గ్రూప్ డిస్కషన్ అని ఒక టోల్ గేట్ పెట్టాం. టెస్టింగ్ ఉద్యోగానికి ఆ గేట్ ఎందుకు? అదే పావుగంటలో ఒక చెడిపోయిన ప్రోగ్రామ్ ఇచ్చి సరిచేయమంటే కంపెనీకే లాభం. మీరు ఇప్పుడు కాలేజీలో ఉంటే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని ఒక్కసారి అడిగి చూడండి, ఎవరికైనా అవసరమైతే గ్రూప్ డిస్కషన్ బదులు వేరే టాస్క్ పెట్టించగలరా అని. లెటర్‌లో అడగండి, నోటితో అడిగితే మర్చిపోతారు. ఏం జవాబు వచ్చిందో కామెంట్‌లో పెట్టండి, కాలేజీ పేరు వద్దు.

మా పక్క రూమ్ వాడి సంగతి అడుగుతారని తెలుసు. రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత వాళ్ల మేనమామ తన మందుల హోల్‌సేల్ గోడౌన్‌కి తీసుకెళ్లాడు. స్టాక్ చూడటం, ఎక్స్‌పైరీ డేట్లు, ఏ ర్యాక్‌లో ఏది ఎన్ని ఉన్నాయి. మొదటి నెల మేనమామే పక్కన కూర్చుని చూపించాడట, రెండో నెల నుంచి రోజుకి ఒకసారి వచ్చి చూసి వెళ్లేవాడట. ఆయనకి మార్క్ గోల్డ్ తెలీదు, వేమన్ తెలీదు. మొన్న ఫోన్ చేస్తే, స్టాక్ లెక్కకి వాడే ఒక ప్రోగ్రామ్ రాసుకున్నానని చెప్పాడు. ఇప్పుడు ఆ వీధిలో ఇంకో రెండు షాపులవాళ్లు కూడా అదే వాడుతున్నారంట.